తపస్సు కాలానికి ముందు పదిహేడు రోజులు

విభూది బుధవారానికి ముందు రోజులనగానే ఇప్పుడు మనకు రెండే గుర్తొస్తాయి. ఒకటి కార్నివాల్: రియో డి జనీరో ఊరేగింపులు, వెనిస్ ముసుగులు, మన గోవా వీధుల్లో అలంకరించిన బళ్లు. రెండోది పాత పూజాగ్రంథాల్లో లాటిన్ పేర్లతో కనిపించే మూడు ఆదివారాలు: సెప్తువాజెసిమా, సెక్సాజెసిమా, క్విన్క్వాజెసిమా. మొదటిది తిని తాగి గంతులేసే పండుగ అనీ, రెండోది గురువులకు తప్ప ఎవరికీ పట్టని దైవార్చన నియమం అనీ, వీటి మధ్య సంబంధం ఏదైనా ఉంటే అది విరోధమేననీ చాలామంది నమ్మకం. 1559లో పీటర్ బ్రూగెల్ వేసిన ప్రసిద్ధ చిత్రం కూడా పైపైన చూస్తే అదే చెబుతున్నట్టుంటుంది. పీపా మీద కూర్చున్న లావుపాటి కార్నివాల్ ఒక వైపు, చేపలు పట్టుకుని ఎండిపోయిన తపస్సు కాలం ఇంకో వైపు, మధ్యలో పోరు. కానీ వియన్నా మ్యూజియంలో ఉన్న ఆ చిత్రాన్ని నిదానంగా చూడండి. సారాయి కొట్టు, గుడి ఒకే కూడలికి అటూ ఇటూ ఉన్నాయి. మధ్యలో తిరిగే జనం ఒకే ఊరివాళ్లు. మధ్యయుగపు విచారణల్లో, ముఖ్యంగా ఇంగ్లండు విచారణల్లో, జరిగింది కూడా అదేనని నా వాదన. గుడిలో అల్లెలూయ ఆగిపోవడం, వంటింట్లో గుడ్లూ వెన్నా ఖాళీ చెయ్యడం, గురువు దగ్గర పాపసంకీర్తనం, తగాదాల పరిష్కారం, పెళ్లిళ్ల గడువు, వీధిలో బంతాట: ఇవన్నీ కలిపి ఒకే పని. నలభై రోజుల కఠినమైన ఉపవాసానికి ఊరు ఊరంతా సిద్ధపడటమే ఆ పని. దాన్ని ముక్కలు చేసి చూస్తే ఏ ముక్కా అర్థం కాదు.

ముందు గుడి సంగతి. సెప్తువాజెసిమా అంటే ఈస్టరుకు ముందు తొమ్మిదో ఆదివారం. ఈస్టరు తేదీని బట్టి అది జనవరి 18కీ ఫిబ్రవరి 22కీ మధ్య ఎప్పుడైనా వస్తుంది. అక్కడి నుంచి విభూది బుధవారం ముందు రోజు దాకా పదిహేడు రోజులు. ఆ ఆదివారానికి ముందు సాయంకాల ప్రార్థనతో అల్లెలూయ ఆగిపోతుంది, మళ్లీ పాస్కా జాగరణ రాత్రి దాకా వినపడదు. ఆదివారాల్లో మహిమ గీతం పాడరు. పూజావస్త్రాలు ఊదా రంగుకు మారతాయి. అయితే ఉపవాసం ఇంకా మొదలవదు, ఆర్గాన్ మోగుతూనే ఉంటుంది. రంగు మారింది, పాట మారింది, కంచంలో అన్నం మాత్రం మారలేదు. ఈ అంచెలవారీ పద్ధతి అనుకోకుండా ఏర్పడింది కాదు. ఈ మూడు ఆదివారాలు 6వ శతాబ్దపు రోములో రూపుదిద్దుకున్నాయి. ఇటలీ యుద్ధాలతో, లొంబార్డుల దాడులతో నలిగిపోతున్న రోజులవి. ఆ మూడు ఆదివారాల పూజలకు రోము క్రైస్తవులు వరుసగా నగర ప్రాకారం బయట ఉన్న పునీత లారెన్సు, పౌలు, పేతురు సమాధి ఆలయాలకు వెళ్లేవారు. ఆపదలో ఉన్న నగరం తన రక్షకుల దగ్గరికి వెళ్లి నిలబడటం అది. చదివే సువార్తల వరుస కూడా చూడండి. మొదటి ఆదివారం ద్రాక్షతోట కూలీలు, రెండో ఆదివారం విత్తేవాడు, మూడో ఆదివారం యెరూషలేము ప్రయాణమూ యెరికో దారిలో గుడ్డివాడూ. పనికి పిలుపు, పొలం దున్ని విత్తడం, ప్రయాణానికి బయలుదేరడం. రాత్రి ప్రార్థనలో ఆదికాండం మొదటి నుంచి మొదలవుతుంది: ఆదాము, నోవా, అబ్రహాము. అంటే మానవజాతి కథను మొదటి పతనం దగ్గర నుంచి మళ్లీ చెప్పుకుంటూ వస్తారన్నమాట. ఇదంతా మఠాలకే పరిమితం కాలేదు. 14వ శతాబ్దం చివర ష్రాప్‌షైర్‌లోని లిల్లెషల్ మఠానికి చెందిన జాన్ మిర్క్ పల్లె గురువుల కోసం ఇంగ్లీషులో రాసిన 'ఫెస్టియల్' ప్రసంగ సంపుటంలో ఈ మూడు ఆదివారాలకూ ప్రసంగాలున్నాయి. లాటిన్ రాని రైతులకు ఈ కాలం ఏమిటో వాళ్ల భాషలోనే చెప్పాలని ఆయన అనుకున్నాడు.

అల్లెలూయకు వీడ్కోలు చెప్పే తీరులో జనం మనసు ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఫ్రెంచి ప్రాంతంలోని తూల్ ఆలయపు 15వ శతాబ్దపు నియమావళి ప్రకారం, సెప్తువాజెసిమాకు ముందు శనివారం గాయక బాలురు ఒక మట్టిగడ్డను శవపేటికలా మోసుకుంటూ సిలువలతో, కొవ్వొత్తులతో, సాంబ్రాణితో, తీర్థంతో ఊరేగి, ఏడుస్తూ మఠ ప్రాంగణంలో దాన్ని పూడ్చిపెట్టేవారు. ఇది ఆటా, ప్రార్థనా? రెండూను. పిల్లలకు అది ఆట, వాళ్లు పాటించేది మాత్రం పూజా నియమం. తర్వాతి కాలంలో మనం వేరు చేసుకున్న రెంటినీ ఆ పిల్లలు ఒకే ఊరేగింపులో మోశారు.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. అసలు బరువంతా ఇక్కడే ఉంది. మధ్యయుగపు తపస్సు కాలం అంటే శుక్రవారం మాంసం మానడం కాదు. నలభై రోజులూ ఒక్కపొద్దు. మాంసం లేదు, కోడిగుడ్లు లేవు, పాలు, వెన్న, జున్ను ఏవీ లేవు. మాంసంతో పాటు గుడ్లూ పాలూ ఎందుకు మానాలో 13వ శతాబ్దంలో తోమా అక్వినాసు కూడా ఒక ప్రశ్నగా తీసుకుని జవాబు చెప్పాడు. దక్షిణాది దేశాలకు ఆలివ్ నూనె ఉంది. ఉత్తర ఐరోపాకు వెన్న తప్ప మరో కొవ్వు అంత సులువుగా దొరకదు. ఆ నియమం ఎంత భారమో తెలియడానికి రువాన్ మహాదేవాలయం చాలు. 1485కూ 1507కూ మధ్య కట్టిన దాని గోపురాన్ని ఇప్పటికీ వెన్న గోపురమనే అంటారు. తపస్సు కాలంలో వెన్న తినడానికి అనుమతి పొందిన జనం కట్టిన సొమ్ముతో లేచిన గోపురం అది. డబ్బు చెల్లించి మరీ తప్పించుకోవాలనిపించే నియమం కాగితం మీది నియమం కాదు, రోజూ కడుపును తాకే నియమం. ఇంగ్లండులో పల్లె మనిషికి ఆ నలభై రోజులూ ఉప్పు హెర్రింగులు, ఎండు చేపలు, బఠానీలు, చిక్కుళ్లు, రొట్టె. ధనవంతులకు బాదం పాలు.

గోడలాంటి ఆ నియమం ఎదురుగా నిలబడిన ఇంటావిడ చివరి మూడు రోజుల్లో ఏం చేస్తుంది? సోమవారం మిగిలిన ఉప్పు పంది మాంసాన్ని ముక్కలు కోసి వేయిస్తుంది. ఉత్తర ఇంగ్లండులో ఆ రోజుకు కాలప్ సోమవారమని పేరు. మంగళవారం గుడ్లు, పాలు, వెన్న పిండిలో కలిపి అట్లు పోస్తుంది. నేటి ఇంగ్లండు పాన్‌కేక్ రోజు అదే. ఈ తిండిలో వింతేమీ లేదు. బుధవారం నుంచి ముట్టకూడని వస్తువుల జాబితాను వెనక్కి తిప్పి చదివితే వచ్చేది సరిగ్గా ఈ వంటకమే. చలికాలం చివర తిండి కరువైన రోజులకే మతం ఉపవాసమని పేరు పెట్టిందని కొందరు చరిత్రకారులు అంటారు. మాంసం విషయంలో ఈ మాటలో కొంత నిజముంది. నవంబరులో కోసి ఉప్పు పట్టిన పంది ఫిబ్రవరి నాటికి అడుగంటుతుంది. కానీ గుడ్లూ పాలూ ఈ వాదానికి ఎదురు తిరుగుతాయి. పగళ్లు పొడుగయ్యే కొద్దీ కోళ్లు ఎక్కువ గుడ్లు పెట్టడం మొదలుపెట్టేది, ఆవులు ఈని పాలు దిగేది సరిగ్గా ఈ వసంత కాలంలోనే. ప్రకృతి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడే విచారణ వద్దంది. ఈస్టరు నాటికి గుడ్లు బుట్టల్లో పేరుకుపోయేది అందుకే. కరువుకు పెట్టిన పేరైతే నియమం ఇలా ఉండదు.

వంటింటి పని ముగిస్తే సరిపోదు. మనసులూ ఖాళీ చెయ్యాలి. క్రీ.శ. 800 ప్రాంతంలో ఓర్లెయాన్ పీఠాధిపతి థియోడల్ఫ్ తన గురువులకు ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి ఈ వారానికి సంబంధించినదే. తపస్సు కాలానికి ముందు వారంలో అందరూ పాపసంకీర్తనం చేసి ప్రాయశ్చిత్తం అందుకోవాలి, గొడవ పడ్డవాళ్లు రాజీ పడాలి, ఒకరినొకరు క్షమించుకోవాలి. 11వ శతాబ్దంలో ఈ ఆదేశాలు పాత ఇంగ్లీషులోకి కూడా వచ్చాయి. 1215లో నాలుగో లాటెరన్ మహాసభ ప్రతి క్రైస్తవుడూ ఏడాదికొకసారి తన విచారణ గురువు దగ్గర పాపసంకీర్తనం చెయ్యాల్సిందేనని శాసించింది. ఇంగ్లండు విచారణల్లో మంగళవారం గుడి గంట మోగేది జనాన్ని దానికి పిలవడానికే. ఇక్కడ థియోడల్ఫ్ వరుస గమనించాలి. ఆయన పాపాన్నీ తగాదానూ విడదీయలేదు. గురువు ముందు మోకరిల్లడానికి ముందో తర్వాతో పొరుగువాడి గడప తొక్కాలి. పగలు పెట్టుకుని ఊరంతా కలిసి ఉపవాసం చెయ్యడం కుదరదని ఆ పీఠాధిపతికి తెలుసు.

పెళ్లిళ్ల సంగతి దీని పక్కనే పెట్టి చూడాలి. మధ్యయుగపు చట్టంలో సెప్తువాజెసిమా నుంచి ఈస్టరు తర్వాతి వారం దాకా ఆర్భాటంగా పెళ్లి చేసుకోకూడదు. ట్రెంట్ మహాసభ ఈ నిషేధాన్ని విభూది బుధవారం నుంచి మొదలయ్యేలా కుదించింది. ఫలితంగా ఆ పదిహేడు రోజులు పెళ్లిళ్ల కాలమయ్యాయి. ఐర్లండు పల్లెల్లో 19వ శతాబ్దంలో కూడా పెళ్లి అంటే విభూది బుధవారానికి ముందు రోజులే. ఆ గడువు దాటిపోయినా పెళ్లికాని వాళ్లను తపస్సు కాలపు మొదటి ఆదివారం నాడు వీపు మీద సుద్దతో గీతలు గీసి ఆటపట్టించేవారు. ఆ సుద్ద గీత ఎంత సరదాగా ఉన్నా దాని వెనక ఉన్నది చట్టమూ గడువూ.

తూర్పు క్రైస్తవుల పద్ధతి ఈ వాదానికి మరో సాక్షి. వాళ్లు మాంసాన్ని ఒక వారం ముందే మానేస్తారు. ఆ తర్వాత వారమంతా పాలు, జున్ను, గుడ్లు తింటారు. రష్యాలో బ్లినీ అట్లు పోసుకునే మాస్లెనిత్సా వారం అదే. ఆ వారం చివరి ఆదివారం ఒకరి ముందు ఒకరు వంగి క్షమించమని అడుగుతారు. రోముతో విడిపోయి శతాబ్దాలు గడిచినా అవే మూడు పనులు, అదే వరుసలో: తిండి సర్దుకోవడం, క్షమించుకోవడం, ఉపవాసంలో దిగడం.

ఇక ఎక్కువగా వినపడే అభ్యంతరం. ఇదంతా క్రైస్తవానికి ముందున్న అన్యమత పండుగల అవశేషమనీ, రోము లూపెర్కాలియాయే కార్నివాల్‌గా మారిందనీ అంటారు. 1890లో ఫ్రేజర్ రాసిన 'గోల్డెన్ బౌ' తర్వాత ఈ మాట పత్రికా వ్యాసాల్లో దాదాపు సత్యమైపోయింది. ఆధారాలు దీన్ని మోయలేవు. లూపెర్కాలియా గురించి చివరిగా వినేది 5వ శతాబ్దం చివర, పోపు జెలాసియుసు దాన్ని ఖండించినప్పుడు. రోములో కార్నివాల్ ఆటల గురించి వివరంగా తెలిసేది 1140 ప్రాంతంలో, పునీత పేతురు ఆలయపు కానన్ బెనెడిక్టు రాసిన గ్రంథంలో. తపస్సు కాలానికి ముందు ఆదివారం పోపు ఎదుట ఒక ఎలుగుబంటిని, కోడెలను, కోడిపుంజును చంపేవారట. ఎలుగు సైతానుకు, కోడె గర్వానికి, పుంజు కామానికి గుర్తులని ఆయనే వివరించాడు. మధ్యలో ఆరు వందల ఏళ్లకు పైగా మౌనం. అంతకంటే బలమైన ఆధారం తేదీ. లూపెర్కాలియా ఫిబ్రవరి 15న స్థిరం. కార్నివాల్ ఈస్టరుతో పాటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మిలాను పీఠంలో ఆంబ్రోసియన్ ఆచారం ప్రకారం తపస్సు కాలం ఆదివారంతో మొదలవుతుంది కాబట్టి అక్కడ కార్నివాల్ శనివారం దాకా సాగుతుంది. ఉపవాసం నాలుగు రోజులు జరిగితే పండుగ కూడా నాలుగు రోజులు జరిగింది. సూర్యుణ్ణో పంటనో అనుసరించే పండుగ ఇలా ప్రవర్తించదు. ముసుగులూ మంటలూ లాంటి కొన్ని వేషాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరి ఉండొచ్చు, కాదనను. పండుగను నిలబెట్టింది మాత్రం దాని వెనకాల వచ్చే ఉపవాసమే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఈ రెండూ ఒకే పని అయితే తిరుసభే కార్నివాల్‌తో ఎందుకు పోరాడింది? 16వ శతాబ్దపు రోములో ఫిలిప్పు నేరి కార్నివాల్ రోజుల్లో జనాన్ని ఏడు ఆలయాల యాత్రకు నడిపించాడు. 1556లో మచెరాతాలో జెస్యూట్లు ఆ రోజుల్లోనే నలభై గంటల దివ్యసత్ప్రసాద ఆరాధన పెట్టారు. 1748లో పోపు 14వ బెనెడిక్టు కార్నివాల్ వేళ ఆ ఆరాధనలో పాల్గొనేవారికి పరిపూర్ణ ఫలం ప్రకటించాడు. ఈ పోరాటం నిజం. కానీ ఎప్పుడు, ఎక్కడ జరిగిందో చూడాలి. అది ఎక్కువగా నగరాల్లో, 16వ శతాబ్దం తర్వాత, కార్నివాల్ ప్రభువుల, నగర పెద్దల ఆడంబరంగా ఎదిగిన చోట. నేరి కూడా పండుగను రద్దు చెయ్యలేదు. ఆయన యాత్రలో పాటలున్నాయి, దారిలో అందరూ కూర్చుని తినే భోజనాలున్నాయి. వీధి సరదాను ఆయన తీసుకెళ్లి సమాధుల దారిలో పెట్టాడు, 6వ శతాబ్దపు రోము నడిచిన దారిలోనే.

అయితే ఈ రోజులను తెల్లగా కడిగి చూపించే హక్కు ఎవరికీ లేదు. 12వ శతాబ్దంలో లండన్ గురించి రాసిన విలియం ఫిట్జ్‌స్టీఫెన్, ఆ మంగళవారం ఉదయం బడి పిల్లలు కోడిపందేలు ఆడేవారనీ, మధ్యాహ్నం కుర్రాళ్లంతా ఊరి బయట బంతాటకు పోయేవారనీ సంబరంగా వర్ణించాడు. తర్వాతి శతాబ్దాల్లో కట్టేసిన పుంజును కర్రలతో కొట్టి చంపడం ఆటయింది. 1617లో అదే మంగళవారం లండన్ పనినేర్చుకునే కుర్రాళ్లు డ్రూరీ లేన్‌లోని కాక్‌పిట్ నాటకశాలను ధ్వంసం చేశారు. అన్నింటికంటే ఘోరం రోములోనే జరిగింది. 1460లలో పోపు 2వ పౌలు కార్నివాల్ పందేలను నగరం నడిబొడ్డుకు తెచ్చాక, యూదులను జనం గేలి చేస్తుండగా పరిగెత్తించే పందెం వాటిలో ఒకటయింది. 1668లో 9వ క్లెమెంటు దాన్ని ఆపి, బదులుగా వాళ్ల దగ్గర సొమ్ము వసూలు చేశాడు. విచారణ లోపలి శాంతి కోసం తలపెట్టిన రోజుల్లో విచారణ బయటివాళ్లు ఇలా బలయ్యారు. థియోడల్ఫ్ చెప్పిన రాజీ తనవాళ్లతోనే ఆగిపోయింది. ఈ పాప భారం ఆ ఆచారం మీద ఉంది. దాన్ని ఒప్పుకోకుండా దాని మంచిని మెచ్చుకోవడం నిజాయితీ కాదు.

నా వాదానికి అసలైన పరీక్ష ఉపవాసం పోయినప్పుడు ఏమైందన్నది. ఆ పరీక్ష చరిత్రలో రెండుసార్లు జరిగింది. మొదటిది ఇంగ్లండు మతసంస్కరణ. 1548లో విభూది పెట్టడం, మట్టలు ఆశీర్వదించడం నిషేధించారు. గురువు దగ్గర పాపసంకీర్తనం తప్పనిసరి కాకుండా పోయింది. 1563లో ఎలిజబెత్ ప్రభుత్వం చేపల రోజులను పెంచింది గానీ, అది జాలర్ల కోసం, నౌకాదళం కోసం. మరి మిగిలిందేమిటి? 1549 నాటి ప్రార్థనా గ్రంథంలో మూడు ఆదివారాల పేర్లు అలాగే ఉండిపోయాయి. మంగళవారం గంట కూడా మోగుతూనే ఉంది, కానీ దాన్ని జనం పాన్‌కేక్ గంట అనడం మొదలుపెట్టారు. పుస్తకంలో పేర్లు ఒక చోట, పెనం మీద అట్లు ఒక చోట. రెంటినీ కలిపి కట్టిన ఉపవాసం పోగానే రెండూ విడిపోయాయి. మనకు ఈ రోజుల గురించి ఉన్న రెండు చిత్రాలు అక్కడ పుట్టినవే.

రెండో పరీక్ష కతోలిక తిరుసభలోనే, మన పెద్దల జీవితకాలంలో జరిగింది. నియమం అప్పటికే శతాబ్దాలుగా సడలుతూ వచ్చింది. 1917 ధర్మశాస్త్రం నాటికి గుడ్లకూ పాలకూ అడ్డు లేదు. 1966లో పోపు 6వ పౌలు తప్పనిసరి ఉపవాసాన్ని విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం అనే రెండు రోజులకు తగ్గించాడు. మూడేళ్లకు, 1969లో ఆమోదించిన కొత్త క్యాలెండరులో సెప్తువాజెసిమా కాలమే లేదు. ఆ సంస్కరణ నడిపిన బుగ్నీనీ తన గ్రంథంలో ఒక సంగతి రాశాడు: ఆదివారం పూజకు గంట ముందు, అరగంట ముందు, పావుగంట ముందు మోగే గంటల్లాంటివి ఈ అంచెలని మొదట్లో 6వ పౌలే అన్నాడట. అయినా ఆ గంటలు ఆగాయి. సిద్ధపాటుకు మళ్లీ సిద్ధపాటెందుకు, తపస్సు కాలమే స్పష్టంగా నిలవాలి గదా అన్న సంస్కర్తల ప్రశ్నను కొట్టిపారేయలేం. రెండు రోజుల ఉపవాసానికి పదిహేడు రోజుల సన్నాహం నిజంగానే వింతగా ఉంటుంది. అందుకే 1969ని తప్పుపట్టేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. సెప్తువాజెసిమాను చంపింది క్యాలెండరు కాదు, అంతకుముందే పలచబడిపోయిన ఉపవాసం. ఆంగ్లికన్ సంఘం నుంచి వచ్చినవారి కోసం 2015లో వెలువడిన కతోలిక పూజాగ్రంథంలో ఆ ఆదివారాలు తిరిగి వచ్చాయి. సంతోషమే. కానీ ఊదా వస్త్రం ఒక్కటే తిరిగొస్తే పదిహేడు రోజులు తిరిగి రావు.

1970కి ముందు విశాఖపట్నం, నెల్లూరు, గుంటూరు, హైదరాబాదు పీఠాల్లో జరిగిన పూజలూ అదే రోము గ్రంథం ప్రకారమే జరిగాయి. ఆ మూడు ఆదివారాలు మన గుళ్లలోనూ ఉండేవి. ఇప్పుడు లేవు. అయితే ఐరోపాలో పోయినది మన దగ్గర చాలా వరకు మిగిలింది. తెలుగు క్రైస్తవ కుటుంబాలు చాలా మటుకు తపస్సు కాలంలో పెళ్లి ముహూర్తాలు పెట్టుకోవు. ఎవరూ బలవంతపెట్టకుండానే నలభై రోజులూ మాంసం మానేసేవాళ్లు, ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఉపవాసం బతికి ఉన్న చోట దానికి ముందు చేయాల్సిన పని కూడా బతికే ఉంటుంది. లాటిన్ పేర్లు అక్కర్లేదు, క్యాలెండరు మారనక్కర్లేదు. విచారణ గురువులు విభూది బుధవారానికి ముందు వారమంతా సాయంకాలాలు పాపసంకీర్తనం కోసం గుడిలో కూర్చోవాలి. సంఘ పెద్దలు ఆ వారంలోనే అన్నదమ్ముల గట్టు తగాదాలనూ అత్తాకోడళ్ల మాటపట్టింపులనూ కూర్చోబెట్టి తేల్చాలి. ఈసారి ఆ రాజీ గుడి గోడ దగ్గర ఆగకూడదు, వేరే మతం పొరుగువారి గడప దాకా కూడా వెళ్లాలి. నుదుట విభూది పెట్టించుకునే ముందే ఈ పని పూర్తి చేయమని మన విచారణల వారందరినీ కోరుతున్నాను.